దులుపుడు బండ మీద మా యారాలు

నా పేరు బొర్ర లచ్చవ్వ. వయసు డెబ్బై దాటింది. ఎంత దాటిందో ఆధార్ కార్డు ఒకటి చెబుతుంది, మోకాళ్లు ఇంకొకటి చెబుతాయి. చెన్నూరుకు అవతల, అడవి అంచున ఉన్న ఊరు మాది. ఇంట్లో నేను, నా కొడుకు, కోడలు, ఒక బర్రె, కొన్ని మేకలు, ఎప్పుడూ లెక్కకు దొరకని కోళ్లు. నా భర్త పోయి చాలా ఏళ్లయింది. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. నా మాటలను తను బడిలో నేర్చుకున్న తెలుగులోకి దిద్దుకుంటానంటే సరే అన్నాను. మేము ఒకరితో ఒకరం అన్న మాటలను మాత్రం అన్నట్టే రాయాలని గట్టిగా చెప్పాను. వాటిని దిద్దితే మనుషులే మారిపోతారు.

ఈ వానాకాలంలో మా పెద్ద యారాలు పోయింది. యారాలంటే తోడికోడలు, నా భర్త అన్న భార్య. ఈ ఇంట్లోనే మాతోపాటు ఉండేది. ఆయాసం ఎక్కువైతే ఆమె కొడుకు కరీంనగర్ తీసుకుపోయి దవాఖానలో చేర్చాడు. అక్కడే పోయింది. ఫోన్ వచ్చినప్పుడు నేను మేకల కొట్టంలో బూడిద చల్లుతున్నాను. నా కొడుకు వచ్చి కొట్టం బయట నిలబడ్డాడు. వాడి మొహం చూసి చేటలో ఉన్న బూడిదంతా ఒక్కచోటే పోసేశాను.

అప్పుడు మా వాగు పొంగి ఉంది. శవాన్ని తెచ్చే బండి దాటలేదని, ఆమె కొడుకు అటు నుంచి అటే ధర్మపురికి, గోదావరి ఒడ్డుకు తీసుకుపోయాడు. మేము ట్రాక్టర్ మీద వాగు దాటి, మంచిర్యాలలో బస్సెక్కి అక్కడికి చేరేసరికి ఆమెను పాడె మీద కట్టేశారు. మొహం ఒక్కటే కనిపిస్తోంది. నేను వంగి ఆమె చెవి వెనక వేలు పెట్టబోయాను.

"ముట్టకు అవ్వా, పొద్దు గూకుతాంది" అని ఎవరో నా చెయ్యి పట్టి వెనక్కి తీశారు.

వాళ్లను నేను తప్పు పట్టను. ఆ చెయ్యి ఎందుకు పోతోందో వాళ్లకేం తెలుసు?

మీకు తెలియాలనే ఇది రాయిస్తున్నాను. మా గడప ముందు ఒక బండ ఉంది. నా కొడుకు దాన్ని తీసేస్తానంటున్నాడు. తీయొద్దని నా మాట. ఆ బండ ఎందుకు ఉండాలో చెప్పాలంటే, ముందు ఆమె ఎవరో చెప్పాలి.

మా తల్లిగారి ఊరు కరీంనగర్ దగ్గర, వరిపొలాల నడుమ. అక్కడ గోమారి అంటే కుక్క చెవిలో కనిపించే పురుగు. పశువు పొదుగు కింద ఆముదపు గింజలా పట్టుకుని నెత్తురు తాగుతుందని తెలుసు. అది గడ్డి కొసకు ఎక్కి మనిషి కోసం కూడా కాచుకుని ఉంటుందని నాకు తెలియదు. పెళ్లై ఈ ఇంటికి వచ్చాక, మొదటి ఎండాకాలం బీడీలు చుట్టే తునికాకు తెంపడానికి అడవికి పోయి, మోపు నెత్తిన పెట్టుకుని సాయంత్రం తిరిగి వచ్చాను. నేరుగా గడప ఎక్కబోతుంటే ఆమె అడ్డంగా చెయ్యి చాపింది.

"ఆగు! అడవిని ఇంట్లకు తెస్తవా?"

"అడవెక్కడున్నదక్కా? ఆకులే గద తెచ్చిన."

"ఆకుల ముచ్చట కాదే పిల్లా. నీ కొంగుల ఉన్నది అడవి."

నన్ను బండ మీద నిలబెట్టింది. కొంగు పట్టి విదిలించింది, కుచ్చిళ్లు దులిపింది. నువ్వుగింజల్లాంటివి బండ మీద రాలాయి. రాలి ఊరుకోలేదు, నడిచాయి. కోళ్లు ఎక్కడెక్కడి నుంచో ఉరికొచ్చి వాటిని ఏరుకుతిన్నాయి. అప్పుడు ఆమె నన్ను వెనక్కి తిప్పింది. ముందు ఎడమ చెవి వెనక, తర్వాత కుడి చెవి, మెడ మీద వెంట్రుకల మొదళ్లు, చంకలు, లంగా బొందు కట్టుకునే చోటు, మోకాళ్ల వెనక మడతలు. ఆమె చూపుడు వేలి కొన తునికాకు కాడలు తెంపి తెంపి పగిలి, వరిపొట్టులా గరుకుగా ఉండేది. ఆ గరుకు ఒంటి మీద పోతుంటే నాకు సిగ్గూ వచ్చింది, నవ్వూ వచ్చింది.

"ఏం లేదు. ఇంట్లకు నడువ్" అంది చివరికి. నేను ఒక కాలు ఎత్తానో లేదో మళ్లీ ఆపింది. "గట్లనే పోతవా? నన్నెవలు సూడాలె?" అని తన వీపు నా వైపు తిప్పింది.

అదీ మా పద్ధతి. అడవికి పోయినా, చేనుకు పోయినా, మేకలను తోలుకుపోయినా, వచ్చాక ఒకరిని ఒకరం బండ మీద చూసుకోవాలి. చూసినవాళ్లు ఆ మాట చెప్పాలి. ఆ మాట వినపడేదాకా ఎవరూ గడప దాటకూడదు. ఒకసారి ఒక కోడిపెట్ట నాదంటే నాదని మేమిద్దరం పంతానికి పోయి మాటలు మానేశాం. చాలా రోజులు మానేశాం. అయినా పొద్దుగూకితే ఇద్దరం బండ ఎక్కేవాళ్లం. మొహాలు ముడుచుకునే చెవులు చూసుకునేవాళ్లం. ఆ రోజుల్లో మా మధ్య నడిచింది ఒకటే మాట: ఏం లేదు, ఇంట్లకు నడువ్. మా భర్తలు, అన్నదమ్ములిద్దరూ అరుగు మీద కూర్చుని మమ్మల్ని చూసి నవ్వేవాళ్లు. వాళ్లిద్దరూ పోయాక కూడా ఆ పద్ధతి పోలేదు.

ఎడమ చెవే ఎందుకు ముందు అని ఆమెను నేను అడగలేదు. మా అత్త చెప్పింది. నేను ఈ ఇంటికి రాకముందు ఆమెకు ఒక ఆడపిల్ల పుట్టింది. పాకే వయసులో జ్వరం వచ్చి పోయింది. చివరి స్నానం చేయిస్తుంటే బిడ్డ ఎడమ చెవి వెనక గోమారి కనిపించిందట, నల్లగా ఉబ్బి. జ్వరం దాని వల్లే వచ్చిందో, ఇంకో దాని వల్ల వచ్చిందో చెప్పే డాక్టరు అప్పట్లో మా వైపు లేడు. ఆమె ఎవరినీ అడగలేదు. మరుసటి ఎండాకాలం వాగులో నుంచి ఆ బండను ఎడ్లబండి మీద వేయించుకుని వచ్చి గడప ముందు పరిపించింది. ఆ బిడ్డ పేరు నేను ఆమె నోట ఎప్పుడూ వినలేదు. ఎవరి ఎడమ చెవినైనా చూసేటప్పుడు మాత్రం ఆమె ఊపిరి ఆగేది. అది నా మెడకు తెలిసేది.

ఆమెతో అడవికి పోవడం అంటే పెళ్లికి తయారైనంత పని. పాదాలకు, పిక్కలకు కానుగ నూనె రాసేది. దాని మీద వావిలాకు నలిపి రుద్దేది. మధ్యాహ్నం అంబలి తాగేటప్పుడు మళ్లీ రాయాల్సిందే. "వాసన పోయిందంటె కావలోడు నిద్రపోయినట్టే" అనేది. చీరను కాళ్ల నడుమ నుంచి వెనక్కి దోపి, కాసె పోసి కట్టేది. మా బావగారి పాత ధోవతిని పీలికలుగా చింపి, మడమ నుంచి మోకాలిదాకా నాకూ తనకూ చుట్టేది. తెల్లగుడ్డ మీద నల్లపురుగు దాక్కోలేదని ఆమె లెక్క. బాట నడుమ నడవమనేది, గడ్డిని రాసుకుంటూ పోనిచ్చేది కాదు. పశువులు పండుకున్న చోట, పడిపోయిన మొద్దు మీద కూర్చోనిచ్చేది కాదు. ఎండ తగిలే రాయి చూసి దాని మీద కూర్చోబెట్టేది.

ఒకసారి తునికాకు కట్టలు అప్పజెప్పే కల్లం దగ్గర ఆడవాళ్లంతా మా కాళ్లకున్న తెల్ల పీలికలు చూసి ఎగతాళి పట్టారు.

"ఏందే, అక్కాచెల్లెండ్లు కొంగలోలె వస్తుండ్రు!"

మా యారాలు మోపు దించి, నడుము మీద చెయ్యి పెట్టుకుంది. "కొంగలమే. ఎడ్ల మీది పురుగులను ఏరుక తినేది కొంగలే గద. ఇగ ఎడ్లు ఎవలో మీరే సూసుకోండ్రి."

కల్లం అంతా నవ్వు. ఎగతాళి చేసినామె మరుసటి రోజు మా ఇంటికి వచ్చి, మెల్లగా, పాత ధోవతి ఏమైనా మిగిలిందా అని అడిగింది.

ఆమెకు అన్నీ తెలుసని నేను చెప్పను. గోమారి పట్టుకుంటే చాలా కాలం ఆమె బీడీ కొసతో కాల్చేది, లేకుంటే కిరసనాయిలు పోసేది. మా ఊరి ఆశా కార్యకర్త ఒకసారి చూసి కేకలేసింది. కాలిస్తే అది తన విషాన్ని లోపలికి కక్కుతుందని, ముల్లు తీసే పట్టకారుతో చర్మానికి ఆనించి తల దగ్గర పట్టుకుని, తిప్పకుండా, మెల్లగా నిట్టనిలువుగా లాగాలని, వేళ్లతో నలపకూడదని, తర్వాత సబ్బుతో కడగాలని చెప్పింది. మా యారాలు మూతి తిప్పింది. కానీ ఆ సాయంత్రమే చెన్నూరు పోయేవాళ్లతో పట్టకారు తెప్పించింది. ఆ తర్వాత ఎవరైనా బీడీ తీస్తే ఆశా కంటే ముందు తనే తిట్టేది. కుట్టిన తర్వాత ఒళ్లు వేడెక్కినా, దద్దు లేచినా ఒక్క పూట ఆగనిచ్చేది కాదు, దవాఖానకు పంపేది. "ఆకు పని ఆకుది, సూది పని సూదిది. రెండిటికి లొల్లి పెట్టకు" అనేది. ఆమె మాటల్లో నేను ఎక్కువగా వాడుకున్నది అదే.

చివరికాలంలో ఆయాసంతో అడవికి రాలేకపోయింది. అయినా నేను మేకలతో తిరిగి వచ్చే వేళకు బండ పక్కన పీట వేసుకుని కూర్చునేది. లేచి నిలబడేది, నా భుజం పట్టుకుని చూసేది. తను ఎక్కడికీ పోకపోయినా తర్వాత వీపు తిప్పేది. "అక్కా, నువ్వు ఇంట్లనే ఉంటివి గద, ఏముంటది?" అంటే, "ఉండనియ్, లేకపోనియ్. సూడు" అనేది. నేను చూసేదాన్ని. ఆ మాట చెప్పేదాన్ని. అప్పుడు లోపలికి నడిచేది.

కరీంనగర్ పోయిన రోజు మాత్రం కారు వచ్చి వాకిట్లో ఆగింది. ఇద్దరు పట్టుకుని ఎక్కించారు. కిటికీలో నుంచి బండ వైపు చూసింది. "వచ్చినంక సూద్దువుతియ్" అంది.

రాలేదు.

ఇక నా కొడుకూ కోడలూ నా గురించి చెప్పేది చెబుతాను, కోడలు కళ్లు దించుకునే రాస్తోంది. ధర్మపురి నుంచి వచ్చినప్పటి నుంచి నేను పొద్దుగూకితే బండ మీద నిలబడిపోతున్నాను. లోపలికి రమ్మంటే రాను. నిజమే. ఎట్లా వస్తాను? నన్ను ఎవరూ చూడలేదు, నాకు ఎవరూ ఆ మాట చెప్పలేదు. కాళ్లు వాటంతట అవే ఆగిపోతాయి. చీకటి ముదిరాక, ఇక కాళ్లు లాగి, దొంగలా లోపలికి పోతాను. నాకు గాలి సోకిందని కోడలు అంది. తాయెత్తు కట్టించాలని చూసింది. కొడుకు ఇంకో ఉపాయం చెప్పాడు.

"అవ్వా, గా బండ మీద నిలబడి ఎవలను సూస్తున్నవే? ఊరోళ్లు నవ్వుతాండ్రు."

"నవ్వనియ్. పండ్లున్నోళ్లు నవ్వుతరు."

"పక్కింటోళ్లకు జేసీబీ వస్తాంది. బండ తీపిచ్చి సిమెంటు ఏపిస్త. నీ పరేషానూ పోతది, నా బండీ లోపటికి ఎక్కుతది."

"నీ బండి ఎక్కుతది. దాని ఎంబడి గోమారి గూడ ఎక్కుతది."

కోడలు నా బాధ తీర్చడానికే అనుకుంటాను, ఒకరోజు గడపలో నిలబడి, కళ్లు ఫోన్ మీదే పెట్టి, "అత్తా, ఏం లేదు, రా" అంది.

"సూడకుంట చెప్పే 'ఏం లేదు' నాకద్దు" అన్నాను. "గది దొంగ సాక్షం."

దానికి కోపం వచ్చింది. నాకూ వచ్చింది. ఆ రాత్రి ఇద్దరం వేరువేరుగా తిన్నాం.

తర్వాత జరిగింది వినండి. పత్తి చేను గట్టు మీద మేకలు మేస్తున్నాయి. నేను రాయి మీద కూర్చున్నాను. కానుగ నూనె రాసుకున్నాను, కాళ్లకు గుడ్డ చుట్టుకున్నాను. కానీ ఒక మేకపిల్ల పొదలో చిక్కుకుంటే దాన్ని తీయడానికి తల వంచి లోపలికి దూరి వచ్చాను. వచ్చి కూర్చున్న కొంతసేపటికి నా ఎడమ చెవి వెనక ఒక వేలు ఆనింది.

నొప్పి కాదు. దురద కాదు. వేలు. కొన పగిలిన, పొట్టులాంటి గరుకు వేలు. ఒకేచోట ఆని అక్కడే ఉంది. వెనక్కి చూస్తే పత్తి మొక్కలు, మేకలు, ఎండ. తల తిప్పినా వేలు పోలేదు. మేకలను తోలుకుని నడుస్తుంటే నాతోపాటే వచ్చింది. ఊపిరి బిగపట్టిన మనిషి నా వెనక నడుస్తున్నట్టు నా మెడకు తెలిసింది. ఆ ఊపిరిని నేను ఎరుగుదును. నాకు భయం వేయలేదని అబద్ధం చెప్పను. కానీ వేగంగా నడవలేదు. ఆమెకు ఆయాసం కదా.

బండ ఎక్కి కోడలిని పిలిచాను.

"సూడవే. ఎడమ చెవెన్క."

"మల్ల మొదలువెట్టినవా అత్తా?"

"సూడమన్న!"

విసుక్కుంటూ వచ్చింది. వెంట్రుకలు పక్కకు తీసింది. ఫోన్‌లో లైటు వేసినట్టుంది, నా భుజం మీదుగా వెలుగు పడింది.

"అత్తా…" అంది. "ఉన్నది."

నువ్వుగింజంత ఉంది. పట్టకారు తెచ్చి, మా యారాలు చూపించినట్టే, తిప్పకుండా లాగి తీసింది. నిప్పుల్లో వేసింది. సబ్బుతో కడిగింది. చేతులు తుడుచుకుంటూ అడిగింది, "నొప్పి లేచిందా?"

"లేదు."

"దురద?"

"లేదు. గోమారి కుడితె తెలుస్తదా? తెలవకుంట తాగుడే దాని పని."

"మరి నీకెట్ల తెలిసింది?"

ఎట్లా తెలిసిందో చెప్పాను. కోడలు నా వైపు చూడలేదు. నా వెనక, బండ మీద ఖాళీ జాగా వైపు చూసింది. తర్వాత ఒక అడుగు పక్కకు జరిగింది. ఎవరికో తోవ ఇచ్చినట్టు.

ఆ తర్వాత చాలా రోజులు పొద్దున్నే నా నుదురు పట్టి చూసింది. జ్వరం రాలేదు. తాయెత్తు మాట మళ్లీ ఎత్తలేదు. ఇప్పుడు పొద్దుగూకితే బండ దగ్గరికి వచ్చి నన్ను నిజంగా చూస్తోంది. ఆ మాట చెబుతోంది. దానికి నేను రుణపడి ఉన్నాను. ఇది కూడా రాయవే, దాటేయకు.

నా కొడుకు మాత్రం "దురద పెట్టి ఉంటది, నీకు యాదికి లేదు" అంటాడు. అనుకోనీ. నా వాదం ఆ వేలు మీద నిలబెట్టలేదు. అడవి అంచున ఉన్న ఇంటికి ఆగే చోటు ఒకటి ఉండాలి. ఆగి, దులుపుకుని, ఇంకొకరికి వీపు అప్పగించే చోటు. నూనె, ఆకు, తెల్లగుడ్డ, అన్నీ మంచివే. కానీ మన చెవి వెనక మనకు కనిపించదు. దానికి ఇంకో మనిషి కావాలి. ఆ మనిషి నిలబడటానికి బండ కావాలి. ఇది మొదటి మాట.

రెండో మాట చెప్పడం కష్టం. ఆమెను ఎవరూ చూడలేదు. కరీంనగర్‌లో చూడలేదు, ధర్మపురిలో నన్ను చూడనివ్వలేదు. "వచ్చినంక సూద్దువుతియ్" అని పోయిన మనిషి. ఆమె చెప్పిన చోటికే వచ్చింది. ఆ మాట వినపడేదాకా కదలదు. అది ఆమె పెట్టిన పద్ధతే.

కోడలు నన్ను చూసి లోపలికి పోయాక నేను వెనక్కి తిరుగుతాను. చూస్తాను. ముందు ఎడమ చెవి. తర్వాత కుడి చెవి, మెడ, వెంట్రుకల మొదళ్లు. చల్లగా ఉంటుంది. తొందరపడను. అన్నీ చూస్తాను, ఏమీ ఉండదు. మాట నాలుక కొసదాకా వస్తుంది. చెప్పను.

ఇక్కడ కోడలు రాయడం ఆపి అడిగింది. "చెప్పరాదు అత్తా? చెప్తె ఆమె పోతది గద."

"అందుకే చెప్తలేను" అన్నాను.

చెప్పే రోజు వస్తుంది. ఆమెను ఎల్లకాలం వాకిట్లో నిలబెట్టలేనని నాకూ తెలుసు. ఆ రోజు నేనే కొడుకును పిలిచి, ఆమెకు ఆ మాట చెప్పేశానని చెబుతాను. అప్పటిదాకా ఆ బండను ఎవరూ కదపకూడదు. చదివే మీరు కూడా మా వాకిటి మీదుగా పోతే జర పక్కనుంచి పోండి.

ఇంకా నమ్మకం కుదరకపోతే పొద్దుగూకే వేళ వచ్చి మా కోళ్లను చూడండి. బండ మీద నేను కొంగు దులిపితే అవి ఉరికొచ్చి నా కాళ్ల చుట్టూ చేరతాయి. అన్నీ కాదు. కొన్ని నన్ను దాటి నా వెనక్కి పోతాయి. ఏమీ రాలని చోట, వట్టి బండ చుట్టూ గుంపుగా నిలబడి, మెడలు పైకెత్తి, ఎవరో కొంగు విదిలిస్తారని చూస్తుంటాయి.

ఇది నేను చెప్పగా రాసి, నాకు చదివి వినిపించారు. నా మాటే అని ఒప్పుకుని వేసిన నిశాని:

బొర్ర లచ్చవ్వ బొటనవేలి ముద్ర

సాక్షులు:
కోడలు బొర్ర సుజాత. రాసింది తానే, చెవి వెనక చూసిందీ తానే.
పక్కింటి పోశవ్వ. కోళ్లను చూసింది.
కొడుకు బొర్ర తిరుపతి. అంతా విన్నాడు, సంతకం పెట్టాడు. పోయేటప్పుడు బండను తొక్కకుండా పక్కనుంచి దిగిపోయాడు.